ఆ పిండి బస్తా ఎక్కడి నుంచి వచ్చింది?

హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి తన సేవకుడు అస్లమ్‌ను వెంటబెట్టుకుని మదీనా పొలిమేరల్లో పహరా తిరుగుతున్నారు. దూరాన ఒక మంట కనిపించింది. దగ్గరికి వెళ్ళి చూస్తే ఒక తల్లి, ఆమె చుట్టూ ఆకలితో ఏడుస్తున్న పిల్లలు. పొయ్యి మీద కుండ ఉంది. కుండలో ఉన్నది ఉత్త నీళ్ళు. ఏదో ఉడుకుతోందన్న ఆశతో పిల్లలు నిద్రపోతారని ఆ తల్లి నీళ్ళు మరగబెడుతోంది. ఈ సంఘటనను మనలో విననివారు ఉండరు. జుమా ప్రసంగాల్లో, జల్సాల్లో, ఇంట్లో పెద్దల నోట ఎన్నోసార్లు విన్నాం. ఖలీఫా పరుగు పరుగున మదీనాకు వచ్చి, పిండి బస్తా, కొవ్వు తీసుకుని తన వీపుకు ఎత్తించుకున్నారు. నేను మోస్తానని అస్లమ్ ముందుకు వస్తే, ప్రళయదినాన నా బరువు కూడా నీవే మోస్తావా అన్న భావంతో వారించారు. స్వయంగా పొయ్యి ఊది, పొగ గడ్డంలోంచి పైకి లేస్తుండగా వండి, పిల్లలు కడుపునిండా తిని ఆడుకునేదాకా అక్కడే కూర్చున్నారు.

ఉమర్ (రజి) దైవభీతిని, పాలకుడి బాధ్యతను చెప్పడానికి మనం ఈ సంఘటనను ఉదహరిస్తాం. అది సరైనదే. అయితే ఒక ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. అర్ధరాత్రి వేళ ఆ పిండి బస్తా ఎక్కడి నుంచి వచ్చింది? ఖలీఫా ఇంట్లో నుంచి కాదు. ఆ ఇంట్లో బస్తాల కొద్దీ పిండి ఉండేది కాదని ఆయన జీవితం చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. అంగడి నుంచీ కాదు, ఆ వేళకు అంగళ్ళు మూసి ఉంటాయి. ఉల్లేఖకులు దాని పేరు స్పష్టంగా చెప్పారు: దారుద్దఖీఖ్. అంటే పిండి ఇల్లు. బాటసారుల కోసం, దిక్కులేనివారి కోసం ఉమర్ (రజి) మదీనాలో ఏర్పాటు చేసిన ధాన్యాగారం అది. అందులో పిండి, వేయించిన సత్తుపిండి, ఖర్జూరం, ఎండుద్రాక్ష వంటివి ఎప్పుడూ నిల్వ ఉండేవని ఇబ్నె సాద్ తన గ్రంథంలో రాశారు. ఆ ఇల్లు ముందే కట్టి ఉండబట్టి, అందులో పిండి ముందే చేర్చి ఉండబట్టి, ఆ రాత్రి ఆ పిల్లల కడుపు నిండింది. లేకపోతే ఖలీఫా అంతటివారు కూడా ఆ తల్లి పక్కన కూర్చుని కన్నీరు పెట్టుకోవడం తప్ప ఏమి చేయగలిగేవారు?

ఈ విషయాన్ని వివరంగా రాయడానికి ఒక కారణం ఉంది. ఒక జిల్లా కేంద్రం నుంచి కొందరు సోదరులు మా వద్దకు ఒక సమస్య తెచ్చారు. వారు కొన్నేళ్ళుగా వితంతువులకు, వృద్ధులకు, మంచాన పడినవారి కుటుంబాలకు నెలసరి సరుకులు ఇస్తున్నారు. ఒక్క మొహల్లాతో మొదలైన పని ఇప్పుడు చుట్టుపక్కల ఆరేడు మండలాలకు పాకింది. సరుకంతా పెట్టుకోవడానికి మాత్రం మస్జిదు పక్కనున్న ఒక రేకుల గదే దిక్కు. రమజాన్‌లో బస్తాలు గుమ్మం దాకా వచ్చి పడతాయి. వర్షాకాలం వచ్చేసరికి చెమ్మకు బియ్యం తుట్టెలు కడుతుంది, పప్పుకు పురుగు పడుతుంది. కొంత స్థలం కొని, గట్టి గోదాము, అందులో ఒక శీతల గది, సరుకు చేరవేయడానికి ఒక వాహనం సమకూర్చుకుందామని వారి ఆలోచన. చందాల కోసం వెళితే ఎదురైన జవాబు ఇది: “బియ్యం అడగండి, ఎంతైనా ఇస్తాం. ఇటుకలకు, సిమెంటుకు ఎందుకివ్వాలి? అన్నం పెడితే పుణ్యం గానీ గోడలు కడితే పుణ్యమా?” ఇంకొక పెద్దాయన, రేపటికని దాచిపెట్టడం అల్లాహ్‌పై నమ్మకానికి విరుద్ధం కదా అన్నారట. మరొకరు, మా దగ్గర జకాత్ సొమ్ము ఉంది, దానితో గోదాము కట్టేయండి అన్నారట.

మూడూ మంచి మనసుతో అన్న మాటలే. మూడింటికీ ధర్మం ఏమంటుందో చూద్దాం.

గోదాముకు కావలివాడు

దారుద్దఖీఖ్ ఉమర్ (రజి) కొత్తగా కల్పించిన వింత కాదు. దాని మూలం దైవప్రవక్త (స) కాలంలోనే ఉంది. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. రమజాన్ జకాత్‌గా, అంటే ఫిత్రాగా వచ్చిన ఆహార ధాన్యాలకు కాపలా ఉండమని దైవప్రవక్త (స) ఆయనను నియమించారు. రాత్రి ఒకడు వచ్చి ధాన్యాన్ని దోసిళ్ళతో ఎత్తుకోసాగాడు. అబూ హురైరా (రజి) పట్టుకున్నారు. వాడు తన పేదరికాన్ని, పిల్లల్ని చూపి బతిమాలాడు. విడిచిపెట్టారు. మరునాడు మళ్ళీ వచ్చాడు. మూడో రాత్రి వాడు ఆయతుల్ కుర్సీ మహత్తును చెప్పి విడిపించుకున్నాడు. వాడు షైతాన్ అని దైవప్రవక్త (స) తర్వాత తెలిపారు.

ఈ హదీసును మనం ఎప్పుడూ ఆయతుల్ కుర్సీ ఘనతను చెప్పడానికే చదువుతాం. మదర్సాలో మేము చదువుకున్నప్పుడూ దృష్టి అంతా దానిమీదే. కానీ ఆ హదీసు మొదటి వాక్యాన్ని ఒక్కసారి ఆలోచించండి. పేదల ధాన్యం ఒకచోట కూడబెట్టారు. వెంటనే పంచేయక కొన్ని రాత్రులు నిల్వ ఉంచారు. దానికి ఒక కావలివాడిని నియమించారు. ఆ కావలివాడు కూడా ఎవరో కాదు, వేల హదీసులను మనకు అందించిన మహా సహచరుడు. ధాన్యాన్ని కాపాడటం తక్కువ పని అయితే దైవప్రవక్త (స) ఆ పనికి ఆయనను పెట్టేవారా?

మస్జిదె నబవీలో ఇంకొక ఏర్పాటు కూడా ఉండేది. అన్సారులు తమ తోటల నుంచి ఖర్జూరపు గెలలు తెచ్చి మస్జిదులో వేలాడదీసేవారు. సుఫ్ఫాలో ఉండే నిరుపేదలు ఆకలైనప్పుడు వాటి నుంచి పండ్లు రాల్చుకుని తినేవారు. అయితే కొందరు నాసిరకం గెలలు, ఎండిపోయినవి, విరిగినవి తెచ్చి తగిలించారు. సూరె బఖరాలో చెడ్డవాటిని ఏరి దైవమార్గంలో ఇవ్వవద్దని, అవే మీకు ఇస్తే కళ్ళు మూసుకుంటే తప్ప తీసుకోరు కదా అన్న భావంతో వచ్చిన ఆజ్ఞ ఈ సందర్భంలోనే అవతరించిందని హజ్రత్ బరా (రజి) తెలిపారు. ఇంట్లో ఏళ్ళ తరబడి మూలపడి ఉన్న గోధుమపిండిని, గడువు తీరిన నూనె ప్యాకెట్లను రమజాన్‌లో సంచిలో వేసి పంపేవారు ఈ మాట ఆలోచించాలి. సరుకులు స్వీకరించే కమిటీకి కూడా ఇందులో పాఠముంది. పనికిరానిదాన్ని మర్యాదగా వెనక్కి పంపగల ధైర్యం లేని గోదాము ఎంత పెద్దదైనా చెత్తకుప్పే అవుతుంది.

దాచుకోవడం వేరు, దాచి ఉంచడం వేరు

ఇక నమ్మకం విషయం. అల్లాహ్‌పై భరోసా విషయంలో ప్రవక్తలను మించినవారు ఎవరు? సూరె యూసుఫ్ చదవండి. ఏడేళ్ళ పంట తర్వాత ఏడేళ్ళ కరువు రానుందని రాజు కలకు భావం చెప్పిన యూసుఫ్ (అలైహిస్సలాం) అంతటితో ఆగలేదు. ఏం చేయాలో కూడా చెప్పారు. తినడానికి కావలసిన కొంత మినహా, కోసిన పంటను వెన్నుల్లోనే ఉంచి నిల్వ చేయమన్నారు. తర్వాత దేశపు ధాన్యాగారాల బాధ్యత తనకివ్వమని స్వయంగా కోరారు. పదవి కోరుకోవడాన్ని ఇస్లాం సాధారణంగా మెచ్చుకోదు. అయినా ఆకలి నుంచి ప్రజల్ని కాపాడే గోదాము తాళాల కోసం ఒక ప్రవక్త నోరు తెరిచి అడిగారు. తాను కాపాడగలవాడినని, తెలిసినవాడినని రెండు అర్హతలు చెప్పుకున్నారు. నిజాయితీ ఒక్కటే చాలదు, పని తెలిసి ఉండాలి అన్నమాట.

వెన్నుల్లోనే ఉంచమనడంలో ఎంత వివేకముందో మన రైతులకు చెప్పనక్కర్లేదు. పైపొట్టు ఉన్న గింజకు చెమ్మ, పురుగు అంత త్వరగా అంటవు. మన పల్లెల్లో పెద్దలు బియ్యాన్ని కాక వడ్లను గాదెల్లో పోసుకునేవారు. జొన్నలను పాతర వేసేవారు. కావలసినప్పుడే దంచుకునేవారు. మరపట్టిన బియ్యం బస్తాలను రేకుల గదిలో నేల మీదే పేర్చి, పురుగు పట్టిందని బాధపడటం ఈ వివేకాన్ని మరచిన ఫలితమే.

దైవప్రవక్త (స) తన కుటుంబం కోసం ఒక ఏడాదికి సరిపడే గ్రాసం తీసి ఉంచేవారని బుఖారీ, ముస్లింలలో ఉంది. అది అవసరార్థుల చేతికి పోయి ఏడాది తిరగకముందే అయిపోయేదన్నది వేరే సంగతి. ఖుర్బానీ మాంసం విషయంలోనూ అంతే. ఒక ఏడాది మదీనాకు పల్లెల నుంచి పేదలు గుంపులుగా వచ్చారు. మూడు రోజులకు మించి మాంసం ఉంచుకోవద్దని దైవప్రవక్త (స) ఆజ్ఞాపించారు. మరుసటి ఏడాది ఆ ఇబ్బంది లేదు కాబట్టి తినండి, పంచండి, నిల్వ కూడా చేసుకోండి అని అనుమతించారు. అంటే నిల్వ అనేది దానంతటదే పాపమూ కాదు, పుణ్యమూ కాదు. ఆకలి ఎదుట ఉన్నప్పుడు దాచుకుంటే తప్పు. ఆకలి రాబోతోందని దాచి ఉంచితే మేలు. ధర పెరగాలని ధాన్యాన్ని బిగబట్టేవాడిని దైవప్రవక్త (స) పాపాత్ముడన్నారు. అతని గోదాముకూ తాళముంది, యూసుఫ్ (అలైహిస్సలాం) గోదాముకూ తాళముంది. ఏ రోజున, ఎవరి కోసం ఆ తాళం తీస్తారన్నదే తేడా.

బూడిద సంవత్సరం

ఈ విషయంలో మనకు అన్నిటికన్నా ఎక్కువ పాఠాలు నేర్పేది హిజ్రీ 18వ సంవత్సరం, అంటే క్రీ.శ. 639. చరిత్రలో దాన్ని ఆముర్రమాదా, బూడిద సంవత్సరం అంటారు. వానలు లేక నేల మాడిపోయి, గాలి వీస్తే బూడిదలా దుమ్ము లేచేది. హిజాజ్ ప్రాంతమంతా దాదాపు తొమ్మిది నెలలు అల్లాడిపోయింది. ఎడారి తెగల వారు పిల్లాపాపలతో మదీనా చుట్టూ వచ్చి గుడారాలు వేశారు. ప్రజలు కోలుకునేదాకా నెయ్యి, మాంసం ముట్టనని ఉమర్ (రజి) ఒట్టు పెట్టుకున్నారు. ఉత్త నూనెతో రొట్టె తిని తిని ఆయన శరీరపు రంగే మారిపోయిందని చరిత్రకారులు రాశారు. ఇది కూడా మనం వింటూ ఉంటాం. ఆయన చేసిన ఏర్పాట్ల గురించి మాత్రం తక్కువ వింటాం.

మొదట లెక్క పెట్టించారు. ఒక రాత్రి భోజనానికి వచ్చినవారిని లెక్కిస్తే ఏడు వేల మంది తేలారు. అంతటితో ఊరుకోలేదు. రాలేనివారు ఎందరు? రోగులు, పిల్లలు, గుడారాల్లో ఉండిపోయినవారు ఎందరో కూడా లెక్కించమన్నారు. వారు నలభై వేలు. కొన్ని రాత్రుల తర్వాత మళ్ళీ లెక్కిస్తే భోజనానికి వచ్చేవారు పది వేలకు, రాలేనివారు యాభై వేలకు పెరిగారు. ఈ అంకెలు ఇబ్నె సాద్ నమోదు చేసినవి. చూడండి, వరుసలో నిలబడినవారికంటే వరుస దాకా రాలేనివారు ఐదు రెట్లు! అన్నదానం దగ్గర జనం కిటకిటలాడుతుంటే చూసి మనం సంతోషిస్తాం. ఆ ఫోటోలో కనిపించనివారే ఎక్కువని ఈ లెక్క చెబుతోంది. మదీనా చుట్టూ నాలుగు వైపులా మనుషుల్ని నియమించి, ప్రతి సాయంత్రం వారి నుంచి సమాచారం తెప్పించుకునేవారు. తెల్లవారకముందే పెద్ద పెద్ద కుండల దగ్గర వంటవారు పనికి దిగేవారు.

తర్వాత రాష్ట్రాలకు ఉత్తరాలు వెళ్ళాయి. అందరికంటే ముందు సిరియా నుంచి హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాలుగు వేల ఒంటెల సరుకుతో స్వయంగా వచ్చారని తబరీ రాశారు. మదీనా చుట్టుపక్కల పంపిణీ బాధ్యతను ఉమర్ (రజి) ఆయనకే అప్పగించారు. పని పూర్తయ్యాక నాలుగు వేల దిర్హములు ఇవ్వబోతే అబూ ఉబైదా (రజి) వద్దన్నారు, నేను అల్లాహ్ కోసం చేశాను అన్నారు. దైవప్రవక్త (స) నాకు పని అప్పగించి ఇలాగే ఇస్తే నేనూ ఇలాగే వద్దన్నాను, అయినా ఆయన ఇచ్చారు అన్న భావంతో ఉమర్ (రజి) పట్టుబట్టి ఇచ్చారు. స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరైన సహచరుడికే సరుకు పంపిణీ చేసినందుకు ప్రతిఫలం ఇచ్చారు. మరి గోదాము కాపలాదారుకు, లెక్కలు రాసే కుర్రవాడికి జీతమివ్వడం దండగ అనేవారికి ఏమని చెప్పాలి? కమిటీలన్నీ ఉచితంగా చేసేవారి మీదే నడవాలన్న పట్టుదల వల్ల ఎన్నో మంచి పనులు ఏడాదికే మూలపడటం మేము చూశాం.

వానలు కురిశాయి. వచ్చినవారికి దారిబత్తెం, ఒంటెలు ఇచ్చి వారి వారి ప్రాంతాలకు పంపించేశారు. కరువు తీరింది. మనలాంటివారైతే హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుని, కుండలు బోర్లించి, ఇంటికి వెళ్ళేవారు. ఉమర్ (రజి) అసలు నిర్మాణం మొదలుపెట్టింది ఆ తర్వాతే. ఈజిప్టు ముస్లింల పాలనలోకి వచ్చాక, పూడిపోయి ఉన్న ఒక పురాతన కాలువను తిరిగి తవ్వించమని అమ్ర్ బిన్ ఆస్ (రజి)ను ఆదేశించారు. నైలు నది ఒడ్డున ఫుస్తాత్ నుంచి నేటి సూయజ్ దగ్గరున్న ఖుల్జుమ్ రేవు దాకా అది సాగేది. దానికి అమీరుల్ మోమినీన్ కాలువ అనే పేరు నిలిచిపోయింది. నైలు లోయ ధాన్యం పడవల్లో ఎర్రసముద్రానికి, అక్కడి నుంచి మదీనాకు రేవైన అల్‌జార్‌కు చేరసాగింది. అల్‌జార్‌లో ఆ ధాన్యం కోసం రెండు పెద్ద భవనాలు కట్టించారు. ఎవరెవరికి ఎంత చేరాలో జాబితా రాసే పనిని, దైవవాణిని గ్రంథస్థం చేసిన జైద్ బిన్ సాబిత్ (రజి)కు అప్పగించారు. ఆయన చీటీలు రాసి, అడుగున ముద్ర వేసి ఇచ్చేవారని యాఖూబీ చెబుతారు. మన రేషన్ కార్డుకు తాతముత్తాతలు ఆ చీటీలు!

ఒంటెల మీద నెలల ప్రయాణం చేసి వచ్చే సహాయం కోసం జనం మరోసారి ఎదురుచూడకూడదన్నదే ఆ కాలువ, ఆ భవనాల వెనకున్న ఆలోచన. గోడలు కడితే పుణ్యమా అన్న ప్రశ్నకు ఇంతకంటే జవాబు అక్కర్లేదనుకుంటాం. ఆకలి వచ్చాక కట్టే గోదాము ఎవరికీ అన్నం పెట్టదు. వానలు బాగున్న ఏడాదే దాన్ని కట్టాలి.

జకాత్ సొమ్ముతో కట్టవచ్చా?

దీనికి జవాబు జాగ్రత్తగా వినాలి. సూరె తౌబాలో జకాత్‌కు ఎనిమిది పద్దులు నిర్ణయించబడ్డాయి. హనఫీ ధర్మవేత్తల ప్రకారం జకాత్ నెరవేరాలంటే తమ్లీక్ తప్పనిసరి. అంటే ఆ సొమ్మును గానీ వస్తువును గానీ అర్హుడైన పేదవానికి సొంతం చేసి, అతని చేతికి ఇవ్వాలి. అందుకే జకాత్‌తో మస్జిదు కట్టరాదు, వంతెన కట్టరాదు, శవానికి కఫన్ కొనరాదు. వీటిలో సొంతం చేసుకునే పేదవాడు లేడు. గోదాము కూడా అలాంటిదే. కాబట్టి ఆ పెద్దాయన మంచి మనసుతో ఇవ్వజూపిన జకాత్ సొమ్మును ఇటుకలకు, స్థలానికి, వాహనానికి వాడకూడదు. ఆ సొమ్ముతో బియ్యం, పప్పు, నూనె కొని అర్హులకు సంచులుగా అందించవచ్చు. పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించిన భోజనంతో జకాత్ తీరదని కూడా ఫిఖ్హ్ గ్రంథాల్లో ఉంది. ఎందుకంటే అక్కడ తినడానికి అనుమతి ఇచ్చామే గానీ సొంతం చేయలేదు. పొట్లం కట్టి చేతికిస్తే అది వేరు. దైవమార్గం అనే పద్దును విశాలంగా తీసుకున్న కొందరు ఆధునిక పండితుల అభిప్రాయం భిన్నంగా ఉంది. అయినా ఇతరుల ఆరాధన మన చేతుల్లో ఉన్నప్పుడు సందేహం లేని దారిలో నడవడమే మేలు.

కొన్నిచోట్ల ఒక ఉపాయం చేస్తారు. ఒక పేదవాని చేతిలో జకాత్ పెట్టి, మరుక్షణం అతనిచేత నిర్మాణానికి విరాళం ఇప్పిస్తారు. ఆ పేదవాడికి మిగిలింది చేతి తడి మాత్రమే. పేదవాని పేరుతో గోదాము కడుతూ మొదటి రోజే పేదవానితో ఆటలాడటం మాకు నచ్చదు.

మరి నిర్మాణానికి సొమ్ము ఏది? సదఖా ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా వక్ఫ్ ఉంది. ఖైబర్‌లో తనకు దక్కిన భూమి గురించి ఉమర్ (రజి) సలహా అడిగితే, అసలును నిలిపి ఫలాన్ని దానం చేయమని దైవప్రవక్త (స) సూచించారు. ఆ భూమి అమ్మకానికి, బహుమతికి, వారసత్వానికి వీలులేకుండా పేదలకు, బంధువులకు, బాటసారులకు, అతిథులకు అంకితమైంది. నిర్వాహకుడు అందులోంచి న్యాయంగా తినవచ్చని కూడా షరతు రాశారు.

ముస్లిం సమాజం ఈ బాటలో ఎంత దూరం వెళ్ళిందో జెరూసలేములో కనిపిస్తుంది. 1552లో ఉస్మానియా సుల్తాన్ సులైమాన్ భార్య ఖుర్రమ్ సుల్తాన్ అక్కడ పేదలకు ఒక వంటశాలను వక్ఫ్ చేశారు. ఉత్త వంటగదిగా వదిలిపెట్టలేదు. రొట్టెల బట్టీ, సరుకుల గదులు, బాటసారులకు బస, వీటన్నిటి ఖర్చుకు ఎన్నో గ్రామాల ఆదాయం రాసిచ్చారు. ఎంతమంది పనివారు, ఎవరికెంత జీతం అన్నదీ పత్రంలోకి ఎక్కింది. పూటకు నాలుగు వందల మంది చొప్పున రోజుకు రెండు పూటలు అక్కడ సూప్, రొట్టె అందేవి. ఆమె గతించి, ఆ రాజ్యమే గతించినా, శతాబ్దాల పాటు ఆ కుండ పొయ్యి దిగలేదు.

వక్ఫ్ విషయంలో ధర్మవేత్తలు చెప్పిన ఒక సూత్రం కమిటీ సోదరులు గుర్తుంచుకోవాలి. వక్ఫ్ ఆదాయంలో మొదటి ఖర్చు ఆ ఆస్తి మరమ్మతుదే. దాత ఆ మాట రాయకపోయినా సరే. పేదల వాటా ఆ తర్వాతే. వినడానికి కఠినంగా ఉంటుంది. కానీ కప్పు కారుతుంటే కింద ఉన్న ధాన్యం ఎవరికి మిగులుతుంది? ఇక స్థలం ఇచ్చేవారుంటే మాటల మీద వదలకండి. 2025 వక్ఫ్ సవరణ చట్టం తర్వాత పత్రం లేకుండా కొత్త వక్ఫ్ ఏర్పడదు. రాయించి, బోర్డులో నమోదు చేయించండి.

మినా నుంచి హూస్టన్ దాకా

శీతల గది గురించి కొందరు మరీ విలాసమని అన్నారట. హజ్ చేసిన వృద్ధులను అడగండి. ఒకప్పుడు మినాలో ఆ మూడు నాలుగు రోజుల్లో లక్షల జంతువులు జబహ్ అయ్యేవి. తినేవారు దగ్గర లేక, ఎండకు నిలవక, ఎంతో మాంసం మట్టిపాలయ్యేది. అదే సమయంలో ఆఫ్రికాలో కరువు తాండవించేది. 1983లో సౌదీ ప్రభుత్వం ఖుర్బానీ మాంసం వినియోగ పథకాన్ని ప్రారంభించి, నిర్వహణను ఇస్లామిక్ అభివృద్ధి బ్యాంకుకు అప్పగించింది. ఆధునిక జబహ్‌ఖానాలు, శీతల గిడ్డంగులు కట్టారు. హరమ్ పరిసరాల పేదలకు పంచగా మిగిలింది ఘనీభవింపజేసి ఓడల్లో, విమానాల్లో ఆసియా, ఆఫ్రికా దేశాల నిరుపేదలకు చేర్చారు. ఖుర్బానీ మారలేదు, జంతువులు మారలేదు. మధ్యలో ఒక చల్లని గది వచ్చింది, అంతే.

ప్రపంచమంతటా సమస్య ఇదే. ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా ప్రకారం 2024లో 67 కోట్ల మందికి పైగా ఆకలితో ఉన్నారు. 2022 ఒక్క ఏడాదిలో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. రెండింటినీ కలిపే గది, బండి, మనిషి లేకపోవడమే ఇందులో పెద్ద లోటు.

ఆహార బ్యాంకు అనే పేరు అమెరికాలో పుట్టింది. 1967లో ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ అనే క్రైస్తవ సేవకుడు దాన్ని మొదలుపెట్టారు. దుకాణాల చెత్తడబ్బాల్లో మంచి ఆహారం ఏరుకుని పిల్లల్ని పోషించే ఒక తల్లి, డబ్బుకు బ్యాంకు ఉన్నట్టు ఆహారానికీ ఒకటి ఉంటే బాగుండునని అనడమే ఆయనకు స్ఫూర్తి. చర్చి ఇచ్చిన ఒక పాత బేకరీ భవనమే తొలి గోదాము. హూస్టన్ నగరపు ఆహార బ్యాంకు 1982లో చిన్నగా మొదలై, 2011లో మూడు లక్షల చదరపు అడుగులకు మించిన గోదాములోకి మారింది. ఆగ్నేయ టెక్సాస్‌లోని 18 కౌంటీలకు అక్కడి నుంచి ఆహారం వెళుతుంది. హైదరాబాద్ నుంచి వెళ్ళి స్థిరపడిన మన కుటుంబాలు ఆ ఊళ్ళో ఎన్నో ఉన్నాయి. అక్కడి పద్ధతిలో మాకు నచ్చింది ఒకటుంది. పెద్ద గోదాము ప్రతి ఇంటికీ తానే పంచాలని చూడదు. చర్చీలు, మస్జిదులు, పాఠశాలలు, చిన్న చిన్న సంఘాలు దాని నుంచి సరుకు తీసుకెళ్ళి తమ వీధిలో పంచుతాయి. వీధి సంగతి వీధివారికే తెలుసు. నిల్వ ఒక్కచోట, చేతులు అనేకం.

మా సలహా కూడా ఇదే. ఆరేడు మండలాల్లో మస్జిదుకొక రేకుల గది వేసుకునే బదులు, అందరూ కలిసి ఒక్క గట్టి గోదాము కట్టుకోండి. ఎంత పెద్దదో అంచనాలతో కాక, ఉమర్ (రజి) చేసినట్టు ముందు లెక్కతో తేల్చండి. రాలేనివారిని లెక్కించడం మరవకండి. ఏమి నిల్వ చేయాలో కూడా ఆలోచించండి. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ కార్డున్న కుటుంబాలకు మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. అలాంటి ఇంటికి మళ్ళీ బియ్యం బస్తానే మోసుకెళ్తే ఉపయోగమెంత? వారికి కావలసింది పప్పు, నూనె, పాలపొడి, రోగికి జావకు రాగిపిండి. కార్డు లేని వలస కూలీకైతే బియ్యమే కావాలి. ఆసుపత్రి వరండాలో పడుకున్న రోగి బంధువుకు వండుకునే పొయ్యే లేదు. అతనికి అటుకులు, పేలాలు, ఖర్జూరం వంటివి కావాలి. దారుద్దఖీఖ్‌లో బాటసారుల కోసం సత్తుపిండి, ఎండుద్రాక్ష ఉంచింది ఇందుకే.

బస్తాలను నేలకు, గోడకు ఆనించకుండా చెక్క పలకల మీద పేర్చండి. ముందు వచ్చింది ముందు పోవాలి. ప్రతి బస్తా మీద వచ్చిన తేదీ రాయండి. పద్దులు మాత్రం రెండు పుస్తకాల్లో ఉండాలి, ఒకటి జకాత్‌ది, రెండవది సదఖా, వక్ఫ్, ఇతర విరాళాలది. కాపలాదారు జీతం, కరెంటు బిల్లు, బండి డీజిల్, హమాలీ కూలి రెండవ పుస్తకంలోంచే పోవాలి. ఈ రెండు పుస్తకాలు కలిసిపోతే దాత జకాత్ నెరవేరిందో లేదో తెలియని స్థితి వస్తుంది.

ఆ సోదరులు వెళుతూ వెళుతూ ఇంకొక మాట అడిగారు. వరుసలో ముస్లిమేతర పొరుగువారు కూడా వచ్చి నిలబడుతున్నారు, ఏం చేయమంటారని. అత్యధిక ధర్మవేత్తల దృష్టిలో జకాత్ ముస్లిం పేదలకే పరిమితం. సాధారణ సదఖాకు ఆ హద్దు లేదు. సూరె దహ్ర్‌లో అన్నం పెట్టేవారిని మెచ్చుకుంటూ పేదవాడితో, అనాథతో పాటు ఖైదీని కూడా పేర్కొనడం జరిగింది. ఆనాడు ముస్లింల చేతుల్లో ఉన్న ఖైదీలు ముస్లిమేతరులే. ఉమర్ (రజి) ఒకసారి ఒక ఇంటి గుమ్మం ముందు అడుక్కుంటున్న అంధుడైన వృద్ధుడిని చూశారు. అతడు యూదుడు. జిజియా కట్టడానికి, పూట గడవడానికి అడుక్కుంటున్నానన్నాడు. ఉమర్ (రజి) అతని చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకెళ్ళి ఉన్నదేదో ఇచ్చారు. తర్వాత బైతుల్‌మాల్ అధికారిని పిలిపించి, అతనికీ అతనివంటి వారికీ భృతి ఏర్పాటు చేయించి, జిజియా రద్దు చేశారు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మతుల్లాహి అలైహి) ఈ ఉదంతాన్ని కితాబుల్ ఖరాజ్‌లో నమోదు చేశారు. కాబట్టి రెండవ పుస్తకంలోని సరుకును కమిటీవారు ఆకలి ఉన్న ఏ గుమ్మంలోనైనా నిస్సంకోచంగా దించవచ్చు.